తోక లేని పికా

తడి సిమెంటు మీద బుల్లియ్య బొటనవేలు అలవాటు కొద్దీ మళ్ళీ తోక పెట్టేసింది. చూసుకుని నాలిక్కరుచుకున్నాడు. "దీని దుంపతెగ, చెప్తే వినదు" అని తన వేలినే తిట్టుకుంటూ ఆ ముద్ద గిల్లి పారేశాడు.

కడియం రోడ్డు పక్కన అతని షెడ్డు. నర్సరీలకు సిమెంటు కుందేళ్ళూ బాతులూ చేసి చేసి ఆ చేతులకు ఇంకో జంతువు పట్టుబడటం లేదు. సుధాకర్ గారి నర్సరీ మొక్కలు హిమాలయాల్లో ఏదో పార్కుకి వెళ్తున్నాయి. ఆ పార్కువాళ్ళు తమ కొండల్లో ఉండే పికా అనే జంతువు బొమ్మ అడిగారు. ఇది నచ్చితే పార్కు బొమ్మలన్నీ బుల్లియ్యకే, లేకపోతే వేరేవాళ్ళకి. మొదట చేసినదాని ఫొటో చూసి "ఇది కుందేలు" అనేశారు. లారీ ఎల్లుండి.

పికా కుందేలుకి చుట్టమే. కానీ దోసిట్లో ఇమిడేంత ఒళ్ళు, బూడిద కలిసిన గోధుమరంగు బొచ్చు, గుండ్రటి పొట్టి చెవులు, కురచ కాళ్ళు. తోక పైకి కనపడనే కనపడదు.

"పందికొక్కులా ఉందయ్యా," అంది భార్య లోవమ్మ, టీ గ్లాసు పెడుతూ.

"పందికొక్కుకి తోకుంటుందే."

"పోనీ దీనికీ పెట్టు. ముచ్చటగా ఉంటుంది."

అతను పళ్ళు నూరుకున్నాడు. అంతలో సుధాకర్ గారు బండి దిగారు. "బుల్లియ్యా, చెవులు కాస్త లాగవయ్యా. బోసిగా ఉంది."

"లాగితేనే కదండీ కుందేలన్నారు."

"అదీ నిజమేలే."

లోవమ్మ బొమ్మ కింది దిమ్మ వంక చూసింది. గోదారి ఒడ్డున ఏరుకొచ్చిన నున్నటి గుండ్రాళ్ళు, సందు లేకుండా పూడ్చి ఉన్నాయి. "ఇది రాళ్ళ సందుల్లో కదా ఉండేది? ఇందులో ఎక్కడ దూరుతుంది?"

బుల్లియ్య ఫోన్లో ఫొటో మళ్ళీ చూశాడు. కొండ నుంచి విరిగిపడ్డ పలకరాళ్ళు, పదును అంచులు, మధ్యలో చీకటి సందులు. ఇన్నాళ్ళూ జంతువునే చూశాడు గానీ దాని ఇంటిని చూడలేదు. విసుగు నెత్తికెక్కింది. తవ్వితే బురద తప్ప తగలని ఈ నేలలో అలాంటి రాయి ఎక్కణ్ణుంచి తేవాలి?

"నా బట్టలబండ పగిలిందిగా, తీసుకో," అంది లోవమ్మ. "మళ్ళీ కొత్తది వేయించాలి, చెప్తున్నా."

దిమ్మ బద్దలుకొట్టి, బండ ముక్కల్ని అడ్డదిడ్డంగా పేర్చాడు, పిడికిలి దూరేలా సందులు వదిలి. పికా చలికాలానికి గడ్డి ఎండబెట్టి రాళ్ళ కింద దాచుకుంటుందట. అందుకని ఒక సందులో ఎండుగడ్డి కుక్కి, పికాని దాని వాకిట్లో కూర్చోబెట్టాడు.

రంగు ఆరాక సుధాకర్ గారు ఫొటో పంపారు. జవాబు కోసం ఆయన ఫోనుకేసి చూస్తుంటే, బుల్లియ్య వేరే పని ఉన్నట్టు తాపీ కడుక్కున్నాడు.

"ఇదే పికా అంటున్నారయ్యా. మిగతావి కూడా మొదలెట్టమంటున్నారు."

లారీ వచ్చింది. గోనెసంచి చుట్టిన బొమ్మను బుల్లియ్య మొక్కల మధ్య ఆనించి, తాడు రెండుసార్లు లాగి చూసి, కొస డ్రైవరు చేతికిచ్చాడు.