డైరెక్టరీలో దొరికిన దుర్గ

2003 వేసవి. గుడివాడలో ఉంటూ చుట్టుపక్కల కాలేజీల కంప్యూటర్ నెట్‌వర్కులు చూసుకునేవాణ్ణి. ఆ రోజు మచిలీపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సర్వరు సర్వీసింగుకు వెళ్లాను. సర్వరులో డైరెక్టరీ అని ఒకటుంటుంది. ఎవరెవరు లాగిన్ కావచ్చో రాసిపెట్టుకునే హాజరుపట్టీ లాంటిది.

ఆ కాలేజీ డైరెక్టరీ చూస్తే నాకు ఒళ్లు మండేది. పేరు, పాస్‌వర్డ్ చాలని చెప్పినా ఆఫీసు సూపరింటెండెంటు సుబ్బలక్ష్మి గారు వినలేదు. అడ్మిషను ఫారాలు ముందేసుకుని ఆరువందల మందికీ ఊరు, ఫోను, బ్లడ్ గ్రూపు కూడా ఎక్కించేశారు. ఇంట్లో ఫోను లేనివాళ్లకు పి.పి. నంబరు, అంటే పిలిచిపెట్టే పక్కింటివాళ్లదో ఎదురుకొట్టువాళ్లదో.

"ఇవేమన్నా జనాభా లెక్కలా అండీ?" అని ఎగతాళి చేశాను.

"గడి ఖాళీగా కనబడితే నా చెయ్యి ఊరుకోదు బాబూ" అన్నారావిడ.

మధ్యాహ్నం కాలేజీ బస్సు డ్రైవరు నాంచారయ్య పరుగెత్తుకొచ్చాడు. పొద్దున ఊళ్లోని ఆసుపత్రిలో అతని భార్యకు కాన్పయింది. రక్తం పోవడం ఆగలేదు. ఓ నెగెటివ్ గ్రూపు రక్తం కావాలి, బ్లడ్ బ్యాంకులో లేదు.

"ఒక్క బాటిల్ ముందు పడితే నెట్టుకొస్తామన్నారమ్మా డాక్టరు గారు. మన పిల్లల్లో ఎవరికన్నా ఉందేమో చూడండమ్మా" అంటూ సుబ్బలక్ష్మి గారి ముందు ఏడ్చేశాడు.

కాలేజీకి సెలవులు. ఫారాలన్నీ తనిఖీకి యూనివర్సిటీకి వెళ్లాయి. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఫారాలు లేకపోతేనేం, మీరు ఎక్కించారుగా!" అన్నాను.

ఒక్కో పేరూ తెరిచి చూస్తే చీకటిపడుతుంది. సీఎస్‌వీడీఈ అని ఒక కమాండుంది. డైరెక్టరీలో ఉన్నదంతా పట్టికగా ఒక ఫైల్లోకి దించేస్తుంది, దాన్నే ఎక్స్‌పోర్ట్ అంటాం. నల్ల తెర మీద ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కాను. రెప్పపాటులో ఆరువందల మందీ దిగిపోయారు. బ్లడ్ గ్రూపు ప్రకారం వడపోస్తే ముగ్గురు మిగిలారు. వెంటనే ఆఫీసు ఫోను అందుకున్నాను.

హంసలదీవి నంబరు ఎవరూ ఎత్తలేదు. పెదపారుపూడి కుర్రాడు హైదరాబాదులో ఉన్నాడు. మూడోది పామర్రులో ఒక ఎరువుల కొట్టు.

"మూడో సంవత్సరం దుర్గేనాండీ? మా ఎదురిల్లే. లైన్లో ఉండండి!" అని కొట్టాయన కేకేసుకుంటూ వెళ్లాడు.

దుర్గకు సంగతి చెప్పి మేమూ ఆసుపత్రికి చేరాం. గంటంబావుకు దాని ముందు ఒక మోటారుసైకిల్ ఆగింది. కొట్టాయన వెనక దుర్గ. వాళ్ల వెనకే ఇంకో రెండు బళ్లు, వాటి మీద ముక్కూమొహం తెలియని నలుగురు.

"మాది ఏ గ్రూపో మాకు తెలీదండీ" అన్నాడు కొట్టాయన. "పనికొస్తే తీసుకుంటారని మా వీధివాళ్లం కూడా వచ్చేశాం."

దుర్గ రక్తం సరిపోలింది. సాయంత్రానికి డాక్టరు గారు గండం గడిచిందన్నారు. నాంచారయ్య అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు. నేను సుబ్బలక్ష్మి గారికి సిగ్గుపడుతూనే దండం పెట్టాను.

ఆ కమాండు అంతకుముందు వందసార్లు నడిపి ఉంటాను. దించేది డేటా అనే అనుకునేవాణ్ణి. ఒక్క పేరును పిలిస్తే ఒక వీధి లేచి వస్తుందని నాకు పామర్రు వాళ్లు నేర్పారు.