ప్రామ్ దరఖాస్తుకు జతచేసిన జాబితా

2024. తింజాన్ నీళ్ల పండుగ వెళ్లిపోయి యాంగోన్‌లో, అంటే మన పాత రంగూన్‌లో, ఎండలు మాడ్చేస్తున్న రోజులు. చౌక్తడా పేటలో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉన్న ప్రైవేటు ఇంగ్లీషు బడికి నేను ఆఫీసు క్లర్కుని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. పేరు అప్పలస్వామి. బడిలో అందరికీ ‘సయా అప్పల’ని. సయా అంటే పంతులుగారు. నేను పాఠం చెప్పిన పాపాన పోలేదు గానీ, మర్యాదకి క్లర్కుని కూడా అలాగే పిలుస్తారు.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నాకు పొగరు. డబ్బు పొగరు కాదు, కాగితం పొగరు. మా తాత ఈ ఊరి రేవులో బస్తాలు మోశాడు, వేలిముద్ర వేశాడు. ఆయన మనవడు రాసిన దరఖాస్తు చూసి ఆఫీసర్లు ‘ఇదెవరు రాశారు?’ అని అడుగుతుంటే పొగరు ఉండదా మరి? మా వృత్తిలో ఎన్‌క్లోజర్ అని ఒకటుంది. అంటే అసలు దరఖాస్తు వెనక జతచేసే కాగితం. అడక్కముందే ఎన్‌క్లోజర్ పెట్టేవాడే మంచి క్లర్కని నా గట్టి నమ్మకం.

ఆ బడిలో ఏటా ఆఖరి తరగతి పిల్లలకు ప్రామ్ జరుగుతుంది. ఇంగ్లీషు బడుల వీడ్కోలు వేడుక అది. మగపిల్లలు కోట్లు, ఆడపిల్లలు నేలజీరాడే గౌన్లు, జంటలుగా డాన్సు. ఒకప్పుడు హోటల్లో సాయంత్రం పూట చేసేవారు. ఇప్పుడు చీకటి పడేలోగా అందరూ ఇళ్లకు చేరాలి కాబట్టి బడి హాల్లోనే మధ్యాహ్నం ఒంటిగంటకు పెడుతున్నారు. పిల్లలు కిటికీలకు నల్లగుడ్డలు కట్టి తమ రాత్రి తామే చేసుకుంటారు. కరెంటు ఎలాగూ ఉండదు, జనరేటర్ చప్పుడు మీదే పాటలు.

ఆ ఏడాది అందరికీ డాన్సు నేర్పింది ఈశ్వర్. ఇన్సేన్‌లో దోసెలు వేసి అమ్మే దుర్గమ్మ కొడుకు. మాకు చుట్టరికమేమీ లేదు. ఒకే పేట, ఒకే రైలు, ఒకే గుడి, అంతే. ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, వాడు మావయ్యా అంటాడు. కరోనాకి ఒక ఏడు, ఆ తర్వాత సైన్యం గద్దెనెక్కిన గొడవలకి ఒక ఏడు వాడి చదువు ఆగిపోయింది. అందుకే పదిహేడేళ్ల పిల్లల మధ్య వాడొక్కడికే పందొమ్మిది.

కుర్రాళ్లను సైన్యంలోకి పిలిచే చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడే. పద్దెనిమిది నిండిన మగపిల్లాడున్న ప్రతి ఇంట్లోనూ గుండెలు గుబగుబలాడేవి. ఏ ఇంట్లో ఎవరుంటున్నారో రాసి ఉంచే ప్రభుత్వ చిట్టా ఒకటుంది, పేర్లు దాన్నిబట్టి తీసేవారు. దుర్గమ్మ తన చిట్టాను ఎప్పుడో కూల్చేసిన పాత ఇంటి మీదే ఉంచేసింది. ఇన్సేన్ అద్దెగది చిరునామా ఏ సర్కారు కాగితంలోనూ లేదు. బడి రిజిస్టర్లో మాత్రం ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. చట్టం సంగతీ తెలుసు. రెండూ నా బుర్రలో వేర్వేరు ఫైళ్లలో పడి ఉన్నాయి.

నలుగురు చేరే ఏ పనికైనా వార్డు ఆఫీసు అనుమతి కావాలి. ఫారంలో అడిగింది తేదీ, వేళ, ఎంతమంది వస్తారు, అంతే. మా పెద్ద పంతులమ్మగారు, “సంఖ్య వేసి పంపించెయ్యండి సయా” అన్నారు. ఈశ్వర్ మాత్రం రోజుకి రెండుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చేవాడు.

“మావయ్యా, పర్మిషన్ ఒస్తాదా? మొన్న పక్క బడోలకి ఇవ్వనేదంట.”

“వాళ్లకి కాగితం రాయడం చేతకాదురా. ఇది నేను రాస్తున్నాను. పోయి నీ గెంతులేవో నువ్వు గెంతు.”

పక్క బడికి ఇవ్వలేదన్న మాట నన్ను గిల్లింది. మన పిల్లల సరదా ఆగిపోకూడదు, నా దరఖాస్తు తిరిగి రాకూడదు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఎన్‌క్లోజర్ తయారుచేశాను. ముప్పై ఒక్క పేర్లు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ప్రస్తుత చిరునామా. పైన శీర్షిక: ‘చదువు పూర్తిచేసుకున్న విద్యార్థుల జాబితా’. ఎవరూ అడగలేదు. రూళ్లకర్రతో గీతలు కొట్టి మరీ పంపాను. మర్నాడే అనుమతి వచ్చింది. నేను ఆ కాగితం పట్టుకుని మూడు గదులూ తిరిగి అందరికీ చూపించాను, సిగ్గులేకుండా.

ప్రామ్ బాగా జరిగింది. బాగా అంటే, ఆ పిల్లలు మూడేళ్లుగా అలా నవ్వగా నేను చూడలేదు. దుర్గమ్మ దోసెపిండి, పెనం పట్టుకుని వచ్చింది. నల్లకోటులో కొడుకును చూసి నోరు నొక్కుకుంది.

“ఓలమ్మో, ఏటిరా ఈ యేసం! పెళ్లికొడుకులాగున్నావు.”

“ఒక్క డాన్సు అమ్మా, రా” అని వాడు గరిటె లాక్కుని ఆవిడను హాల్లోకి నడిపించాడు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోతూనే రెండు చుట్లు తిరిగింది. నేను తలుపు దగ్గర నిలబడి, ఇదంతా నా కాగితం మహిమే అనుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున్నే దుర్గమ్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో కాగితం. ఆవిడకు బర్మా భాష మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు.

“గుంటడికి ఏదో ఒచ్చినాది. ఏటో సూడు అన్నయ్యా.”

సైన్యంలో చేరడానికి పిలుపు. కింద ఇన్సేన్ అద్దెగది చిరునామా, వీధి, గది నంబరుతో సహా. ఆ చిరునామా లోకంలో ఒక్క చోటే రాసి ఉంది, అక్కడినుంచి ఒక్కడే ఎత్తి రాశాడు.

“మన గది ఆళ్లకెలా తెలిసినాది?” అని ఆవిడ నన్నే అడిగింది. నేను చొక్కా తొడుక్కుని బడికి బయల్దేరాను.

చదువుకునేవాళ్లకు వాయిదా ఇస్తారని చట్టంలో ఉంది. పెద్ద పంతులమ్మగారి చేత సంతకం పెట్టించి, ఈశ్వర్ ఇంకా మా విద్యార్థే అని ఉత్తరం పట్టుకుని పిలుపు పంపిన ఆఫీసుకు పరిగెత్తాను. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ చూపించాడు. ఉత్తరం చదివి, ఫైలు తెరిచి, వార్డు ఆఫీసు నుంచి వాళ్లకు చేరిన నా ఎన్‌క్లోజర్‌ను నా ముందే పెట్టాడు. శీర్షిక మీద వేలు ఆనించాడు.

“చదువు పూర్తయిందని మీరే రాశారు కదా సయా.”

“అది... పొరపాటున రాశానండీ.”

“పొరపాటా? ఇంత శుభ్రంగా రాసింది ఇంతవరకు మాకు రాలేదు” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు. ఆ మెప్పు కోసమే కదా నేను ఇరవై రెండేళ్లు బతికింది! ఆ రోజు దాని మీద ఉమ్మాలనిపించింది.

ఈశ్వర్ పారిపోతే తల్లిని పట్టుకుంటారని వాడికి తెలుసు. చెప్పిన రోజున చెప్పిన చోటికి వెళ్లాడు. సైన్యం శిబిరాలుండే మింగళాడోన్ వైపు వెళ్లే బస్సెక్కేముందు, “ఆరోగ్యం సూసుకో మావయ్యా” అన్నాడు. జాబితా సంగతి వాడికి చెప్పే ధైర్యం నాకు రాలేదు. మొదట రెండుసార్లు ఫోన్ చేశాడు. తర్వాత చేయలేదు. ఎక్కడున్నాడని అడగడానికి దుర్గమ్మ తరఫున అర్జీలు రాస్తూ వచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు.

వానలు వెళ్లిపోయాక ఇంక తట్టుకోలేక వాళ్ల గదికి వెళ్లి చెప్పేశాను. జాబితా, చిరునామా, శీర్షిక, అన్నీ. దుర్గమ్మ పొయ్యి ఆపింది.

“తెలుసు అన్నయ్యా. ఆడే సెప్పినాడు, ఎల్లేముందు. ‘మన గది బడిలోనే రాసుందమ్మా, మావయ్యే రాసుంటాడు. నువ్వు అడగొద్దు. ఆయన తట్టుకోనేడు’ అన్నాడు.”

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. పొయ్యి మళ్లీ వెలిగిస్తూ అంది:

“ఆడు మంచోడు. నాను అంత మంచిదాన్ని కాదు. ఇంక మా గుమ్మం తొక్కొద్దు అన్నయ్యా.”

మళ్లీ వెళ్లలేదు. ఈ రెండేళ్లలో వాడి కబురు ఏమైనా వచ్చిందో లేదో నాకు తెలియదు, అడిగే హక్కు లేదు. ఉద్యోగం మాత్రం చేస్తూనే ఉన్నాను. ఫారంలో అడిగినంతే రాసి కలం మూసేస్తాను. నన్ను పనిలో ఘటికుడని ఎవరైనా అంటే లేచి బయటికి పోతాను. పని నేర్పమని ఎవరైనా వస్తే ఒక్కటే చెబుతాను: కాగితం మీద పేరు రాసేముందు ఆ మనిషి మొహం ఒకసారి తలుచుకో. ఆ మధ్యాహ్నం నేను ముప్పై ఒక్క పేర్లు రాశాను. ఒక్క మొహమూ గుర్తు రాలేదు.