గురువారం హాజరు

మొన్న మా బస్తీలో పిల్లల హాజరు మీద మీటింగ్ పెట్టారు. వచ్చిన అధికారి మైకు పట్టుకుని, కూలి జనానికి చదువు విలువ తెలియదని, అందుకే పిల్లల్ని బడి మాన్పిస్తారని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. లేచి మైకు అడిగితే ఇవ్వలేదు. ఆయనకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

అయిదో తరగతిలో నేను ప్రతి గురువారం బడి ఎగ్గొట్టేదాన్ని. ఒంట్లో బాగాలేక కాదు, ఆటల కోసమూ కాదు. మా బాపుతో ఉండడానికి.

బతుకుదెరువుకు వేరే రాష్ట్రం వచ్చి, బాపు పాండేసర అనే బట్టల మిల్లుల పేటలో మరమగ్గాలు నడిపేవాడు. ఎప్పుడూ రాత్రి పాలీయే, అంటే రాత్రి షిఫ్టు. పొద్దున నేను బడికి వెళ్లాక ఇంటికి చేరేవాడు. నేను తిరిగొచ్చేసరికి మాకున్న ఒక్క గదిలో ఫ్యాను కింద నిద్రపోతుండేవాడు. అమ్మ చీరలకు రాళ్లు అతికిస్తూనే, చప్పుడు చేయొద్దని నాకు వేలితో సైగ చేసేది. గిన్నె జారి కింద పడిందా, నా వీపు విమానం మోత మోగేది. సాయంత్రం బాపు లేచి, నాలుగు ముద్దలు తిని, సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. ఒకే గదిలో ఉండి కూడా మేం నోరారా మాట్లాడుకున్నది లేదు.

కార్ఖానాకు సెలవు గురువారం, బుధవారం రాత్రి నుంచే మగ్గాలు ఆగేవి. కరెంటు అందరికీ సరిపోవాలని ఒక్కో పేటలో ఒక్కో రోజు మూసేవారు, మా వంతుకు గురువారం వచ్చింది. బడికేమో ఆదివారం. ఈ రెండు సెలవులూ కలిసే దారి లేదు కాబట్టి బాపే ఒక దారి చూశాడు.

"వారానికి ఒక్కనాడన్న నా బిడ్డ నాకు గావాలె" అన్నాడు. అమ్మ గొణిగింది గానీ అడ్డు చెప్పలేదు.

గురువారం వస్తే ఇద్దరం బస్సెక్కి డుమస్ సముద్రం ఒడ్డుకు వెళ్లేవాళ్లం. టమాట భజియాలు తింటూ నీళ్లకేసి చూస్తూ కూర్చునేవాళ్లం. బాపు ఎంత మాటకారో నాకు అక్కడే తెలిసింది. వారమంతా బడిలో ఏమేం చెప్పారో ఒక్కటీ వదలకుండా నాతో చెప్పించుకునేవాడు. అర్థం కానిచోట మళ్లీ అడిగేవాడు. చదువు విలువ తెలియని మనిషి మరి.

దసరా దాటాక ఒక గురువారం మా తెలుగు బడి క్లాసు సార్ ఇంటికే వచ్చాడు. బడికి రాని పిల్లల ఇళ్లకు వెళ్లి తీసుకురమ్మని పైనుంచి ఆర్డరట. అప్పటికి మేం డుమస్ వెళ్లడానికి చెప్పులేసుకుంటున్నాం.

"పిల్ల మంచిగనే ఉన్నది గదా. గిట్లనే నాగాలు పెడితే పేరు కొట్టేస్తం. పై క్లాసుకు పోనియ్యం" అన్నాడు సార్.

"మీ పిల్లలు మీకు ఐతారం దొరుకుతరు సార్. నా బిడ్డ నాకెప్పుడు దొరకాలె?"

"సేఠ్‌కు చెప్పి నువ్వు గూడ ఐతారమే ఛుట్టీ తీస్కో."

"మీరే జెప్పుర్రి సార్. కార్ఖానా చూపిస్త, రార్రి."

సార్ కదల్లేదు. పేరు కొట్టేస్తారన్న మాటకు నాకు ఏడుపొచ్చింది. బడంటే నాకు ప్రాణం, లెక్కల్లో నన్ను మించినవాళ్లు లేరు. బాపు నా మొహం చూశాడు.

"పా బిడ్డా, బడికే పోదం" అన్నాడు. పోదం అంటే నిజంగానే ఇద్దరం.

నేను క్లాసులో కూర్చున్నాను. బాపు వరండాలో, కిటికీకి ఎదురుగా, నేను కనపడేచోట కూర్చున్నాడు. బడి వదిలేదాకా లేవలేదు. ఇంటర్వెల్‌లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని రొట్టె తిన్నాం. మరుసటి గురువారం మళ్లీ వచ్చాడు. ఆ పై గురువారమూ వచ్చాడు. "మీ బాపుది ఏ క్లాసే?" అని ఒక పిల్ల వెక్కిరించింది. "మీ బాపును గూడ తోల్కరా, చూస్త" అన్నాను. మళ్లీ అడగలేదు.

చివరికి హెడ్మాస్టరే వరండాలోకి వచ్చాడు.

"ఇది బడా, సత్రమా? గేటు కాడ కూసోపో."

"గేటు కాడికెళ్లి నా బిడ్డ కనవడది సార్" అన్నాడు బాపు. "తెమ్మంటిరి, తెచ్చిన. నేను ఎవల్నన్న ఏమన్న అన్ననా?"

హెడ్మాస్టర్ వెనక్కి తిరిగి తన గదికి వెళ్లిపోయాడు. కానీ తర్వాతి గురువారం మేం వెళ్లేసరికి వరండా వైపు కిటికీ మూసేసి ఉంది. లోపల గాలాడక పిల్లలంతా చెమటలు కక్కుతున్నారు. బాపు మూసిన కిటికీకేసి ఒకసారి చూసి, ఎప్పటిచోటే కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్లి కూర్చుంటే ఆయన కనపడలేదు. బ్యాగు తీసుకుని బయటికొచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"లోపటికి పో బిడ్డా, పేరు గొట్టేస్తరు" అన్నాడు బాపు గాభరాగా.

"నేను బడిలనే ఉన్న గదా బాపు" అన్నాను.

లోపల సార్ హాజరు మొదలుపెట్టాడు. నా పేరు వచ్చింది.

"హాజర్ సార్" అన్నాను వరండాలోంచే.

"లోపటికొచ్చి చెప్పు" అన్నాడు సార్.

"ఈడికి మంచిగనే ఇనవడ్తది సార్. హాజర్."

సార్ గుమ్మం దాకా వచ్చాడు. నన్ను చూశాడు, బాపును చూశాడు. ఎదురుగా కూర్చున్న పిల్లను రాలేదని రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. లోపలికి వెళ్లి తరువాతి పేరు పిలిచాడు. బాపు నా బ్యాగు ఒళ్లోకి లాక్కుని, ఏ పుస్తకం తియ్యాలో అడిగాడు.