సంచిలోని ఒకట్లు

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ప్రకాష్ బాబుకు ఒక పిచ్చి ఉంది. బొటనవేలంత సైనికుల బొమ్మలను బల్ల మీద బారులు తీర్చి యుద్ధాలాడటం. ఏ దళం ఎంత దూరం నడవాలి, ఎవరి దెబ్బకు ఎవరు పడాలి, అన్నిటికీ పుస్తకంలో నియమాలుంటాయి. ఆ పుస్తకం రాసినవాళ్లకు వేరే పనేమీ లేనట్టుంది, పొద్దున మొదలుపెట్టిన ఆట రాత్రికి గానీ తేలదు. శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో కూడే నలుగురిలో ఒకరు కుప్పం నుంచి రావాలి, ఒకరు పుంగనూరుకు తిరిగి పోవాలి. అందుకని ప్రకాష్ బాబు దళాలు సగం చేశాడు, ఫిరంగులు తీసేశాడు, బస్సు వేళకు తేలిపోయేలా ఆటను కుదించాడు.

ఎవరి దెబ్బ ఎవరికి తగిలిందో తేల్చే పాచికల దగ్గరే చిక్కొచ్చింది. "సిలువ కాడ ప్రభువు అంగీ కోసం సైనికులు చీట్లేసినారు, తెలుసు గదా. సర్చి హాల్లో పాచికలేందప్పా?" అని సంఘపెద్ద ఇమ్మానుయేలు అడ్డం తిరిగాడు. ఆరాధనలో పాడే కీర్తనల నంబర్లు బోర్డుకు తగిలించే పాత చెక్క బిళ్లలు బీరువాలో ఊరికే పడున్నాయని మళ్లీ ఆయనే తెచ్చిచ్చాడు. ఒకటి నుంచి ఆరు దాకా, ఒక్కో అంకెకు మూడేసి బిళ్లలు ఏరి గుడ్డసంచిలో వేసి, చెయ్యి పెట్టి తీయడం మొదలెట్టారు. చీట్లు కాకపోతే ఇవేమిటని ఎవరూ అడగలేదు, పెద్దాయనతో సహా.

తీసిన బిళ్లను సంచి ఖాళీ అయ్యేదాకా తిరిగి వేయకూడదు. ఇది ప్రకాష్ బాబు సొంత నియమం. ఆరు వస్తే గెలుపు, ఒకటి వస్తే మనవాళ్లు పడిపోయినట్టే. కానీ ఒకట్లు పోయేకొద్దీ సంచిలో మిగిలేవి మంచివే కాబట్టి, ఓడేవాడికి కూడా లేవబుద్ధి కాదు.

భార్య షైలజకు ఆట గిట్టదు గానీ ఆ నియమం నచ్చింది. రెండో ఆపరేషన్ అయ్యాక వార్డులో పడుకుని, "నా ఒకట్లన్నీ అయిపోయినట్టే గదా?" అని నవ్వుతూ అడిగింది.

"అయిపోయినాయి. ఇంక లేవు" అన్నాడు.

వారం తిరక్కుండానే ఆమె పోయింది.

సమాధి దగ్గర అతని కంట తడి లేదు. ఆ తర్వాతా లేదు. డ్యూటీకి వెళ్లి, "ఊపిరి బిగబట్టండి, ఇంక వదలండి" అని వచ్చినవాళ్లకల్లా చెప్పి, ఇంటికొచ్చి వదిన పెట్టింది తినేవాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలిసేది కాదు. "ఒకసారి ఏడ్సప్పా, బరువు దిగుతాది" అని వదిన సువార్తమ్మ బతిమాలింది. ఏడుపు రాకపోవడం చూసి అతనికే భయమేసింది. ఇన్నేళ్లూ ఆమె మీద తనకున్నది ప్రేమేనా అనిపించింది.

మూడు నెలల తర్వాత ఒక శనివారం కాళ్లు వాటంతటవే హాల్లోకి తీసుకెళ్లాయి. కూర్చోగానే, "ఈ పొద్దు నుంచి తీసిన బిళ్ల తీసినట్టే సంచిలో వేసేయాల" అన్నాడు.

"యాలన్నా?" అన్నాడు సంచి పట్టుకున్న మునిశేఖర్. పుంగనూరులో కరెంటు లైన్‌మన్ అతను. "అట్లయితే ఒకట్లు ఎప్పటికీ అయిపోవు గదా?"

"అయిపోవు."

ప్రకాష్ బాబు చెయ్యి పెట్టాడు. ఒకటి. మునిశేఖర్‌కు తిరిగిచ్చి, కాసేపటికి మళ్లీ తీశాడు. ఒకటి. మూడోసారీ ఒకటే. పడిపోయిన సైనికులను డబ్బాలో పెట్టుకుంటూ పోయాడు, బాధగా లేదు, ఏమీ లేదు. ఆ తర్వాత అయిదు వచ్చింది, ఆరు వచ్చింది, మళ్లీ ఆరు. ఓడిపోయే ఆట గెలిచాడు. పక్కవాళ్లు చప్పట్లు కొట్టారు.

అతను అనుమానమొచ్చి సంచి తీసుకుని బల్ల మీద కుమ్మరించాడు. బిళ్లల్లో ఒక్క ఒకటి కూడా లేదు.

"ఒకట్లు యాడ మునీ?"

మునిశేఖర్ తలొంచుకున్నాడు. "జేబులో ఉండాయన్నా. నువ్విచ్చినవి సంచిలో వేయలేదు. మళ్లీ నీకే వస్తే సూడలేననిపించినాది."

ప్రకాష్ బాబుకు కోపం రాలేదు.

"నేనూ షైలజకు ఇట్లే చేసినా మునీ. ఇంకా ఉండాయని తెలిసి కూడా అయిపోయినాయని చెప్పినా" అన్నాడు. "నమ్మింది."

బల్ల అంచు పట్టుకుని, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు.