మళ్ళీ ఏడవమన్నాడు

గోల్ ఘర్ అనే పేటలో బేబీరాణి పక్కింట్లో ఝుమ్రీ అనే ఆదివాసి ముసలమ్మ ఉండేది. వీధిలో అందరూ ఆమెను అమ్మమ్మ అన్నట్టుగా నానీ అనేవారు. ఆమె తెగ భాష వచ్చినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. అందుకే ఒక భాషా పరిశోధకుడు రికార్డరు పట్టుకుని రోజూ వచ్చేవాడు.

నానీ మనవడు కామెర్లతో చనిపోయాడు. శవం పక్కన కూర్చుని ఆమె తన భాషలో రాగం తీసి ఏడ్చింది. పరిశోధకుడు అదంతా రికార్డు చేసి, అక్కడే విని చూసుకున్నాడు.

“ఇందులో ఫ్యాన్ చప్పుడు కూడా పడింది. నానీని మళ్ళీ ఏడవమనండి, దీదీ,” అన్నాడు నానీ పక్కనే ఉన్న బేబీరాణితో.

“అదేటి భయ్యా, నువ్వు మనిషివేనా?”

“ఈ ఏడుపు ఇంకెవరికీ రాదు. సైన్స్ కోసమే కదా! అది అయ్యాక శవాన్ని నా జీపులో తీసుకెళ్దాం.”

బయట కుండపోత వాన. వేరే బండి దొరకలేదు.

“ఒకసారి ఏడిస్తే పిల్లాడు తన దారిన పోతాడు, బేటీ. మళ్ళీ ఏడ్చి పిలిస్తే దారిలోనే ఆగిపోతాడు,” అంది నానీ.

అయినా అతను ఫ్యాన్ ఆపేశాడు. నానీ మళ్ళీ ఏడ్చింది. బాగా వచ్చిందని అతను బొటనవేలు పైకెత్తాడు.

ఆ తర్వాత నానీ ఏ భాషలోనూ నోరు విప్పలేదు. పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడోనని పగలంతా గుమ్మంలో కూర్చుని వీధి వైపు చూసేది.