పడక సీటు, లేని ఆదివారం

మా మేనత్త లూర్దమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, రిటైరై, ఇప్పుడు తిరువూరులో మాతోనే ఉంటోంది. రోగుల్ని లేపీ పడుకోబెట్టీ ఆమె నడుం అరిగిపోయింది. రెండు గంటలు కదలకుండా కూర్చుంటే లేవడానికి మనిషి సాయం కావాలి. ఆమెతో పాటు ట్రైనింగ్ చేసిన ముగ్గురు స్నేహితురాళ్ళలో ఒకరు డబ్లిన్‌లో, ఒకరు షికాగోలో, జసింత ఆక్లాండ్‌లో స్థిరపడ్డారు. "రిటైరయ్యాక నేనే వస్తాలేవే" అని అత్త ఫోన్లో వాళ్ళకు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది. ఈ వేసవిలో ఆ మాట నిలబెట్టుకుంది. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను కాబట్టి సెలవులున్నాయి. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అయినా తోడుగా నన్నే ఎంచుకుంది.

మూడు దేశాలకూ విడివిడిగా టికెట్లు చూస్తే తల తిరిగింది. అప్పుడు రౌండ్ ది వరల్డ్ టికెట్ సంగతి తెలిసింది. కొన్ని విమాన సంస్థలు కలిసి అమ్మే ఒకే టికెట్ అది. బయలుదేరిన దేశానికే తిరిగి రావాలి, తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా సాగాలి, ఏడాదిలోపు ముగించాలి. మేం కొన్నప్పుడు మామూలు తరగతి మూడు లక్షలకు కాస్త అటూ ఇటూ, బిజినెస్ క్లాస్ ఏడు లక్షలు దాటింది. ఆ బిజినెస్ ప్రయాణాలే విడివిడిగా కొంటే దాదాపు రెట్టింపు అయ్యేది. సీటు చదునుగా పరుచుకుని పడకలా మారుతుంది కాబట్టి అత్తకు బిజినెస్, నాకు మామూలు తరగతి తీసుకున్నాం. ఒకే ప్రయాణంలో రెండు తరగతులూ చూశాం కాబట్టే ఇది రాయడానికి ధైర్యం వచ్చింది.

టికెట్ ధర విన్న రోజున నాన్న అన్నం ముందు నుంచి లేవబోయారు.

"అక్కా, ఆ డబ్బుతో డాబా మీద ఇంకో గది లేస్తుంది."

"ఆ గదిలోకి ఎక్కడానికి నా నడుం ఏదిరా?" అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, "టికెట్ నువ్వే చూడు. నాది ఒకటే షరతు. ఏ దేశంలో ఉన్నా ఆదివారం పూజ తప్పకూడదు" అంది.

మేం ఆర్సీఎం వాళ్ళం, అంటే రోమన్ కాథలిక్కులం. అత్తకు ఆదివారం పూజంటే ఇంట్లో పొయ్యి వెలగడం లాంటిది. రాత్రి డ్యూటీ దిగి, యూనిఫారంతోనే గుడి వెనక బెంచీలో కూర్చున్న రోజులున్నాయి. డ్యూటీ పడిందని గానీ, జ్వరమొచ్చిందని గానీ మానుకున్నది లేదు. నేను డబ్లిన్‌లో, షికాగోలో ఆదివారాలు లెక్క చూసి, గుడి దగ్గరుందో లేదో చూసి, తేదీలు పెట్టాను.

తిరువూరు నుంచి శంషాబాద్‌కు కారు మాట్లాడుకున్నాం. ఖమ్మం, సూర్యాపేట మీదుగా ఆరు గంటలు పట్టింది, ఏడు వేలు తీసుకున్నాడు. డ్రైవర్ సుధాకర్‌ది గంపలగూడెం. వెనక సీట్లో దిండ్లు పేర్చుకుని పడుకున్న అత్తను అద్దంలో చూసి, "అన్ని లక్షలు పెట్టి విమానంలో పడుకుని పోతారంటగా ఆంటీ, నిజమేనా?" అన్నాడు.

"నువ్వు గతుకుల్లో మెల్లగా పోనీ నాయనా, నా పడక ఇక్కడే మొదలైద్ది."

శంషాబాద్‌లో అత్త టికెట్‌కు లాంజ్ అనే విశ్రాంతి గది ఉంది, నాకు లేదు. అత్త లోపలికి వెళ్ళి పది నిమిషాల్లో బయటికొచ్చింది. "ఇడ్లీ బాగుందే. నీకు రెండు తెద్దామంటే కవర్ ఇవ్వరంట" అని నా పక్కన ఇనప కుర్చీలో కూర్చుంది. ప్రయాణం పొడుగునా లాంజ్‌ల సంగతి ఇంతే. ఒకరే బిజినెస్ క్లాస్‌లో ఉండి, ఆ ఒకరికి తోడును విడిచి ఉండే అలవాటు లేకపోతే, లాంజ్‌ను లెక్కలోంచి తీసేయండి.

విమానంలో అసలు చిక్కు తెలిసింది. నేను వెనక సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కునుకు తీస్తుంటే ఎవరో నా దుప్పటి సర్దారు. కళ్ళు తెరిస్తే అత్త. నాకు కప్పి, పక్కనున్న ముసలాయన దుప్పటి జారితే అదీ సర్ది, వరస చివరిదాకా చూసుకుంటూ పోయింది. వార్డు రౌండ్. డబ్లిన్ దాకా అంతే, షికాగో దాకా అంతే. "పడుకో అత్తా, డబ్బు కట్టింది పడుకోవడానికే" అంటే, "అందరూ పడుకున్నాక నేను పడుకోవడం చేత కాదే" అంది. పడక మీద కాసేపు నడుం వాల్చడం, లేచి రావడం. నొప్పి పెరగలేదు, అది నిజమే. కానీ ఏడు లక్షల పడక మీద అత్త కన్ను మూతపడలేదు.

షికాగో నుంచి శుక్రవారం లాస్ ఏంజెలెస్ చేరి, విమానాశ్రయం దగ్గర హోటల్‌లో ఆగాం. శనివారం రాత్రి పది గంటల ప్రాంతంలో ఆక్లాండ్ విమానం. పొద్దున టిఫిన్ దగ్గర అత్త కాఫీ చల్లార్చుకుంటూ అడిగింది.

"రేపు పూజ ఎక్కడే? ఆక్లాండ్‌లో జసింత వాళ్ళ గుళ్ళోనేనా?"

నేను ఫోన్లో టికెట్ తెరిచాను. ఆక్లాండ్ చేరేది సోమవారం పొద్దున. మళ్ళీ చూశాను. పసిఫిక్ సముద్రం మధ్యలో తేదీ మారే గీత ఒకటుంటుంది. పడమరకు వెళుతూ దాన్ని దాటితే తేదీ ఒక రోజు ముందుకు పోతుంది. స్కూల్లో సిస్టర్ గ్లోబు తిప్పి చూపించిన సంగతే, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. చేరే ఊళ్ళలో ఆదివారాలు చూసుకున్నాను గానీ ప్రయాణంలో పోయే రోజు ఏదో చూసుకోలేదు.

"రేపు లేదు అత్తా."

"లేదంటే? గుడి లేదా?"

"ఆదివారమే లేదు. శనివారం ఎక్కి సోమవారం దిగుతాం."

అత్త కప్పు కింద పెట్టింది. "మధ్యలో ఆదివారం ఏమైంది?"

గ్లాసుతో, చెంచాతో బల్ల మీద భూమినీ గీతనూ చూపించి చెప్పాను. అత్త అంతా విని, "టికెట్ మార్చు" అంది.

ఈ టికెట్‌లో దారి మార్చకుండా తేదీ మాత్రం మార్చుకుంటే చాలావరకు అదనపు రుసుము ఉండదు. చదివేవాళ్ళు గుర్తుంచుకోవలసిన మంచి సౌకర్యం. కానీ అదే తరగతిలో సీటు ఖాళీ ఉండాలి. బిజినెస్ వాళ్ళకు వేరే నంబరు. చెప్పాల్సిన నాలుగు వాక్యాలూ కాగితం నాప్కిన్ మీద రాసుకుని, గొంతు సవరించుకుని చేశాను. రెండు రింగులకే ఎత్తారు. ఆదివారం రాత్రి విమానంలో పడక సీట్లు అన్నీ నిండిపోయాయి. మళ్ళీ ఖాళీ ఉన్నది గురువారం. మామూలు సీట్లయితే ఆదివారమే ఉన్నాయి.

"మామూలు సీటే తీసుకో" అంది అత్త.

"పన్నెండు గంటల పైన కూర్చోవాలి. నీ వల్ల కాదు."

"నడుం నాది."

"దిగాక లేవలేకపోతే జసింత ఆంటీ నిన్ను చూడ్డానికి ఆసుపత్రికి రావాలి. ఫాదర్ గారు ఏమీ అనుకోరు అత్తా. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు దోషం లేదు."

"ఫాదర్ గారు ఏమనుకుంటారోనని వెళ్తున్నానా ఇన్నేళ్ళూ?"

అత్త నాతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. మామూలు సీటు ఇంకెంతసేపు ఉంటుందో తెలియదు. అత్త కిటికీలోంచి పార్కింగ్ వైపు తిరిగింది. తర్వాత తనలో తను అన్నట్టు అంది:

"మా పెనుగొలనులో అసలు ఆదివారం ఎప్పుడొచ్చేది గనక."

అత్తా నాన్నా పెనుగొలనులో పుట్టి పెరిగారు. అప్పట్లో ఫాదర్ గారు ఒక్కరే, ఊళ్ళేమో చాలా. ఆదివారం అన్నిచోట్లకూ రాలేక, కొన్ని ఊళ్ళకు శనివారం సాయంత్రమే వచ్చి ఆదివారం పూజ చేసి వెళ్ళేవారట. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దీపాల వేళకు పూజకు వెళ్ళేవాళ్ళట. మర్నాడు మళ్ళీ పనికే.

"మరి శనివారం పూజ చెల్లుతుందిగా?" అన్నాను. ఆ మాట అనడానికి కాస్త భయమే వేసింది. ఎందుకంటే తిరువూరులో ఆదివారం పొద్దున నిద్ర కోసం ముందురోజే వెళ్ళొచ్చే కుర్రవాళ్ళను చూసి, "దేవుడికి అడ్వాన్సు ఇచ్చొచ్చార్రా?" అని ఎగతాళి చేసేది అత్తే.

అత్త నన్ను ఓరగా చూసింది. "నవ్వావంటే చూడు. ఇక్కడెక్కడన్నా ఉందేమో కనుక్కో."

సాయంత్రం ఐదున్నరకు ఒక చిన్న గుళ్ళో పూజ ఉంది, స్పానిష్‌లో. గది ఖాళీ చేసి, సామాను హోటల్ కౌంటర్లో ఉంచి, ట్యాక్సీ ఎక్కాం. ఇరవై నిమిషాలు, పద్దెనిమిది డాలర్లు. డ్రైవర్ మెక్సికో మనిషి. ఎయిర్‌పోర్టుకా అని అడిగితే నేను గుడి చిరునామా చూపించి, రాత్రి విమానమనీ, రేపు మాకు ఆదివారం లేదనీ చెప్పాను. ఆయన అద్దంలో అత్తను చూసి నవ్వాడు. "మా అమ్మ కూడా ఇంతే. ముందు గుడి, తర్వాతే విమానం. ఆవిడ వస్తుందంటే మేం పూజ వేళలు చూసి టికెట్ కొంటాం."

అత్తకు తెలుగులో చెప్పాను. "చూశావా, ఆవిడ పిల్లలకు తెలివుంది" అంది నాతో.

గుళ్ళో మనవాళ్ళంటే మేం ఇద్దరమే. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పూజ వరస ఎక్కడైనా ఒకటే. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో అత్తకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫాదర్ గారి మాటలకు జవాబులన్నీ తెలుగులోనే చెప్పింది, కాస్త పైకే. ఒకరికొకరు శాంతి కోరుకుంటూ సమాధానం ఇచ్చుకునే వేళ ముందు బెంచీలోని పెద్దావిడ వెనక్కి తిరిగి అత్త చేతులు రెండూ పట్టుకుంది. ఇద్దరూ చెరో భాషలో ఏదో అనుకున్నారు.

విమానంలో వెనక ముప్పయ్యో వరసలో కూర్చుని, దుప్పటి కావాలనే సగం జారవిడిచి అత్త కోసం చూశాను. భోజనాలయ్యాయి, దీపాలు ఆర్పారు. కర్టెన్ కదలలేదు. ఇంకాసేపు చూశాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. నొప్పి పెరిగిందేమోనని భయం పట్టుకుంది. నాకు అలవాటు లేని పని చేశాను. లేచి ముందుకు నడిచి, కర్టెన్ దగ్గరున్న ఎయిర్‌హోస్టెస్‌ను అడిగాను, ఆ నీలం చీర ఆవిడ బాగున్నారా అని.

ఆమె లోపలికి వెళ్ళొచ్చి, గొంతు తగ్గించి, "ఎక్కిన దగ్గర్నుంచీ నిద్రే. లేపమంటారా?" అంది.

"వద్దు" అన్నాను.

ఆక్లాండ్‌లో అత్త నా చేయి పట్టుకోకుండానే నడిచొచ్చింది. జసింత ఆంటీ వాటేసుకుని, "నడుం ఎట్టా ఉందే?" అంటే, "ఆదివారం అంతా పడుకున్నానే" అంది.

తిరువూరు వచ్చాక నాన్న అడిగారు, ఏడు లక్షలు పెట్టి ఏం చూశావక్కా అని. "ఏం చూస్తాన్రా, నిద్రపోయాను" అంది అత్త. నాన్నకు నచ్చలేదు గానీ, నాకు అంతకంటే సరైన జవాబు తోచలేదు. బిజినెస్ టికెట్ డబ్బుకు తగినదా అంటే, నాలాంటి వయసువాళ్ళకు కాదనే చెబుతాను. నా మోకాళ్ళు రెండు రోజుల్లో సర్దుకున్నాయి. పైగా షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ వంటి చిన్న దూరాల్లో ఆ సీటు కాస్త వెడల్పు, అంతే. కానీ ఆ పడక లేకపోతే అత్త షికాగో దాకా కూడా వెళ్ళగలిగేది కాదు. ఆ మేరకు ప్రతి రూపాయీ చెల్లింది. నిద్ర మాత్రం టికెట్‌తో రాలేదు. అత్తకు ఆ సాయంత్రం పూజ అయ్యాక డ్యూటీ దిగినట్టు అనిపించిందేమో, అడగలేదు.

ఇలాంటి టికెట్ కొనేవాళ్ళకు ఒక్క మాట. పడమర దిక్కుగా వెళ్ళేట్టయితే పసిఫిక్ మీద ఒక రోజు పోతుంది. డబ్బు కట్టే ముందు ఆ రోజు ఏదో చూసుకోండి. చూసుకుని ఊరుకోకుండా, అది ఎవరికి కావలసిన రోజో ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి అడగండి.