సుమ్మాదేవిలో సగటు రైలు

మొన్న మా అమ్మాయి ఇంటర్ లెక్కల పుస్తకం తెచ్చి యాదృచ్ఛిక చలరాశి అంటే ఏమిటి నాన్నా అని అడిగితే, అట్ట కూడా తిప్పకుండా, సుమ్మాదేవిలో ఆగే పాసింజరు రైలమ్మా అని చెప్పేశాను. పిల్ల నవ్వింది గానీ, మా ఈడువాళ్లకు ఆ మాటలో అబద్ధం కనబడదు.

ఆ రైలుకు బుద్ధి పుడితే పొద్దున్న ఏడింటికి ఠంచనుగా వచ్చేది, పుట్టకపోతే తొమ్మిదింటికి; అప్పటికి ఎదురుచూసేవాళ్లకు గడ్డాలు మోకాళ్ల దాకా పెరిగిపోయేవి. సగం రోజులు అలా, సగం రోజులు ఇలా. చదువు కోసం నన్ను ఇంట్లో పెట్టుకున్న మేనత్త భర్త, జీడితోటలో కూర్చుని కాకుల అరుపులకు కూడా సగటు కట్టే మహానుభావుడు, దీని సగటు ఆలస్యం గంట అని తేల్చాడు. లెక్క బంగారమే, పుస్తకం భాషలో అంకమధ్యమం గంటే. కానీ ఒక్కనాడైనా ఆ రైలు ఎనిమిదింటికి వచ్చిన పాపాన పోలేదు. సగటుకు అటూ ఇటూ ఎంతగా చెదిరిపోతుందో చెప్పేదాన్ని విస్తృతి అంటారని తర్వాతెప్పుడో చదువుకున్నాను.

లెక్కల పరీక్ష పలాసలో, పదింటికి. ఆ రైలు పోతే మళ్లీ సాయంత్రమే. పరీక్ష తప్పితే పుస్తకాలు అటక మీదికి, నేను నాన్న పడవలోకి. నాకేమో చేపల పులుసు గిన్నె లోతుగా ఉన్నా కళ్లు తిరిగేవి. ఆనాడూ చేపలు ఆగవు గనుక, పలాసలో చేపలమ్మే అత్త రోజూలాగే ఏడుకు ముందే గంపతో స్టేషనుకు వెళ్లిపోయింది. మావయ్య మాత్రం, "ఇంకా గంటుంది, తినేసి ఎల్లరా అల్లుడా" అన్నాడు. రెండో ముద్ద గొంతు దిగకముందే కూత వినబడింది.

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను. గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు, అత్త మాత్రం ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, గంప తలుపుకు అడ్డంగా నిలబెట్టి వాదిస్తోంది.

"ఏటి బాబూ, నువ్వు రెండేసి గంటలు ఆలీసంగా వత్తే మేమేటైనా అన్నామా? ఒక్క గంపకే ఇంత తొందరేటి?"

తోటి చేపలమ్మలంతా ఔనౌనని అందుకున్నారు. అంతలో నేను కనబడ్డాను.

"ఎక్కరా సచ్చినోడా! మీ మావ లెక్క నమ్మినావేటి!"

పరీక్ష గదిలో నా చుట్టూ మూడు బెంచీలు ఆ చేపల వాసనకే ఖాళీ అయ్యాయి. అయినా గట్టెక్కాను, పడవెక్కలేదు.

ఇప్పుడు రైలు ఏ గేటు దాటిందో ఫోనే చెబుతుంది, అయినా నేను నా మోటారుబండి మీదే పలాస పోతాను. ఎవరికోసం ఆగక్కర్లేదు, ఎవరూ నాకోసం ఆగరు. అత్త పోయి చాన్నాళ్లయింది. నేను ఆలస్యమైతే ఆ సంగతి ఇప్పుడు నా ఒక్కడికే తెలుస్తుంది.